వేసవి బైబిలు బడికి రాని బిడ్డలు

చదువవలసిన వాక్యభాగములు: మార్కు 7:31–37, యోహాను 9:1–3, 2 సమూయేలు 9వ అధ్యాయము, 1 కొరింథీయులకు 12:21–26



ఏప్రిలు నెలాఖరున బడులు మూతబడి జూను రెండవ వారమున మరల తెరచువరకు మన పల్లెలలో పిల్లలకు సెలవులు. ఈ దినములలోనే మన సంఘములు వేసవి బైబిలు బడులు జరుపుకొనును. పాటలు, కంఠత వాక్యములు, బొమ్మలతో కథలు, చివరి దినమున బహుమానములు, మిఠాయిలు ఉండును. బడి ముగిసిన పిమ్మట ఎందరు పిల్లలు వచ్చిరో లెక్క వ్రాసి సంతోషించుదుము. సంతోషింపదగినదే. అయితే ఆ లెక్కలోనికి రాని బిడ్డలు కొందరున్నారు. వారి యిల్లు మందిరమునకు నాలుగు గడపల దూరములోనే యుండవచ్చును. పాటల శబ్దము ఆ యింటికి వినబడుచునే యుండును. కాని తలుపు మూసి యుండును. బిడ్డ అరచునేమో, పరుగెత్తునేమో, నలుగురు నవ్వుదురేమో అని తల్లి బయటికి తీసికొని రాదు. కొంతకాలమునకు ఆ తల్లియు ఆరాధనకు వచ్చుట మానివేయును. ఈ నెల పాఠమున మనము ఆ బిడ్డలను గూర్చి ఆలోచింతము.

1. వీరు ఎట్టి బిడ్డలు?

వీరిలో కొందరికి ఆటిజము ఉన్నది. 1943లో లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను పరిశీలించి దీనిని గూర్చి వివరముగా వ్రాసెను. ఇది అంటువ్యాధి కాదు, పిచ్చి కాదు. మెదడు ఎదుగు విధమే వేరుగా ఉండుటవలన ఆ బిడ్డ చూచుట, వినుట, మాటలాడుట, ఇతరులతో కలియుట వేరుగా ఉండును. కొందరు మాటలాడనే ఆడరు. కొందరు ధారాళముగా మాటలాడుదురు గాని ఎదుటివాని మనస్సు గ్రహించుట వారికి కష్టము. కొందరు పిలిచినను తిరిగి చూడరు. చేతులు ఆడించుట, ఊగుట, ఒకే మాటను మరల మరల పలుకుట, ఒకే వస్తువును గంటల తరబడి చూచుట కొందరియందు కనబడును. మనకు మామూలుగా తోచు శబ్దము వారి చెవులకు నొప్పి కలిగింపవచ్చును. ఏ యిద్దరు బిడ్డలును ఒకే విధముగా ఉండరు.

తల్లి ప్రేమ చూపనందున ఈలాగు కలుగునని వెనుకటి కాలమున కొందరు వైద్యులు సైతము చెప్పిరి. ఎందరో తల్లులు ఆ నిందను మోసిరి. ఆటిజముగల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఒక గ్రంథము వ్రాసి ఆ మాట తప్పని వాదించెను. నేడు ఆ సిద్ధాంతము విడువబడినది. అటువలెనే టీకామందువలన ఆటిజము వచ్చునని సూచించుచు 1998లో ఒక వ్యాసము వెలువడెను. దానిని ప్రచురించిన వైద్యపత్రికయే 2010లో దానిని ఉపసంహరించుకొనెను. గనుక ఈ భయముతో పసిబిడ్డలకు టీకాలు మాన్పవద్దు.

ఆటిజముగల వారే గాక, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్నవారు, డౌన్ సిండ్రోమ్ గలవారు, సెరిబ్రల్ పాల్సీవలన కాలుసేతులు స్వాధీనములో లేనివారు, వినలేనివారు, చూడలేనివారు మన ఊళ్లలో ఉన్నారు. వీరందరును సంఘపు బిడ్డలే.

2. ఎవరి పాపము?

పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు ప్రభువును అడిగిన ప్రశ్న ఇదే. వాడు చేసిన పాపమా, కన్నవారు చేసిన పాపమా అని వారు విచారించిరి. ప్రభువు ఆ రెండింటిని కాదనెను. ఆయన కాదన్న మాటను మనము ఇంకను పలుకుచుండుట తగునా? చావడిలో, బావిగట్టున, ఒక్కొక్కప్పుడు మందిరపు మెట్లమీదనే, ఆ తల్లి వినునట్లుగా మనవారు ఈ ప్రశ్న అడుగుచున్నారు.

మరియొక సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. ఆటిజముగల బిడ్డకు దయ్యము పట్టినదని చెప్పి కొట్టుట, గొలుసులతో కట్టుట, ఉపవాసమని పస్తులుంచుట కొన్ని చోట్ల జరుగుచున్నవి. ఇది ప్రార్థన కాదు, బిడ్డను హింసించుటయే. మూర్ఛలకు వైద్యుడు ఇచ్చిన మందును విశ్వాసము పేరిట ఒక్కసారిగా మాన్పించినయెడల ప్రాణమునకే అపాయము రావచ్చును. బిడ్డకొరకు ప్రార్థింతము, తప్పక ప్రార్థింతము. అయితే బిడ్డ మారనందున తలిదండ్రుల విశ్వాసము చాలలేదని మాత్రము ఎన్నడును అనవద్దు. వారు రాత్రులు మేల్కొని చేసిన ప్రార్థనలు మనకు తెలియవు.

3. ప్రభువు ఏమి చేసెను?

మార్కు సువార్త ఏడవ అధ్యాయములో చెవిటివాడును నత్తివాడునైన ఒకనిని ప్రభువునొద్దకు తీసికొని వచ్చిరి. ఈ కథను మనము స్వస్థత నిమిత్తమే చదువుదుము. ప్రతి బిడ్డయు ఈలాగే మారునని మనము వాగ్దానము చేయలేము. కాని ప్రభువు అతనియొద్దకు వచ్చిన రీతిని గమనించినయెడల ఉపాధ్యాయులకు గొప్ప పాఠమున్నది.

మొదటిది, ఆయన అతనిని జనుల గుంపునుండి ప్రక్కకు తీసికొనిపోయెను. అందరి కన్నుల యెదుట అతనిని వింతగా నిలువబెట్టలేదు. రెండవది, వినలేనివానికి చెవులను, నాలుకను తాకి తన ఉద్దేశమును తెలియజేసెను. అతడు గ్రహింపగల భాషలోనే మాటలాడెను. మూడవది, ఆయన కన్నులెత్తి నిట్టూర్పు విడిచెను. ఆ నిట్టూర్పులో విసుగు లేదు, జాలి ఉన్నది. నాలుగవది, ఆయన పలికినది ఒక్కటే మాట.

ప్రశాంతమైన చోటు, కన్నులకును చేతులకును అందు బోధ, విసుగులేని మనస్సు, కొద్ది మాటలు: ఈ నాలుగు చాలును. ఈ నాలుగింటికి సొమ్ము అక్కరలేదు.

4. సెలవులు వీరికి ఎందుకు కష్టము?

ఇతర పిల్లలకు సెలవులనగా సంతోషము. ఆటిజముగల బిడ్డకు మాత్రము అలవాటైన దినచర్య ఒక్కనాటితో తెగిపోవుట. నిన్నటివరకు గంట కొట్టగానే బడి, ఇప్పుడు గంట లేదు. ఎండ తీవ్రము, ఇంటినిండ చుట్టములు, అమ్మమ్మగారి ఊరికి ప్రయాణము, పెండ్లి మేళములు. ఏమి జరుగబోవునో తెలియక బిడ్డ కలవరపడును. దానిని మనము మొండితనమందుము.

గనుక ఇంటియొద్ద తలిదండ్రులు కొన్ని గడియలను స్థిరముగా ఉంచవలెను. లేచుట, స్నానము, అన్నము, పని, ఆట, నిద్ర ప్రతిదినము ఒకే వరుసలో జరుగనిండు. అట్టముక్కలమీద ఒక్కొక్క పనికి ఒక్కొక్క బొమ్మ గీసి గోడకు వరుసగా అంటింపుడి. ముగిసిన పని బొమ్మను బిడ్డచేతనే తీయింపుడి. ప్రయాణమున్నయెడల ముందుగానే చెప్పి, ఎక్కవలసిన బస్సు బొమ్మను చూపుడి.

చేతిపనులకు మన యిండ్లలో కొదువ లేదు. కోళ్లకు గింజలు వేయుట, మొక్కలకు నీళ్లు పోయుట, దూడకు గడ్డి పెట్టుట, చాపలు చుట్టుట, ఉతికిన బట్టలు మడుచుట, తాటాకుతో బొమ్మలు, తడి మట్టితో ఎద్దులు చేయుట, చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలలో ఊగుట, ఇసుకలో ఆడుట, ఇవి యన్నియు మంచివే. ఉయ్యాల ఊపు కొందరు బిడ్డలకు ఎంతో నెమ్మది కలిగించును. వస్తువులను నోట పెట్టుకొను అలవాటు లేని పిల్లలకు కందులు, సెనగలు కలిపి యిచ్చి వేరుచేయుమనవచ్చును. బిడ్డకు ఏది ఇష్టమో దానినుండియే ఆరంభింపుడి. రైళ్లు ఇష్టమైనవాడు రైలుపెట్టెలతో లెక్కలు నేర్చుకొనగలడు.

5. బైబిలు బడిని ఎట్లు సిద్ధపరచవలెను?

బడికి ముందు వారమే ఉపాధ్యాయులు ఆ యింటికి వెళ్లవలెను. దావీదు మెఫీబోషెతు విషయమై ఏమి చేసెనో జ్ఞాపకము చేసికొనుడి. అయిదేండ్ల ప్రాయమున దాదిచేతిలోనుండి పడి రెండు కాళ్లు కుంటివైన ఆ రాజవంశీయుడు తనంతట తాను వచ్చి అడుగలేదు. దావీదే విచారించి, లోదెబారునుండి పిలిపించి, తన బల్లయొద్ద నిత్యము భోజనము చేయుటకు చోటిచ్చెను. వెదకి పిలువవలసిన బాధ్యత బల్లగలవారిది.

ఆ యింట తల్లిని అడుగవలసినవి ఇవి: బిడ్డకు ఏవి ఇష్టము? ఏ శబ్దమునకు భయపడును? దాహము, మూత్రము ఎట్లు తెలియజేయును? ఏవి తినును, ఏవి తినకూడదు? మూర్ఛలు వచ్చునా? కోపము వచ్చినప్పుడు దేనివలన నెమ్మదించును? తల్లికి తెలిసినంత మరెవరికిని తెలియదు. ఆమె చెప్పినది వ్రాసికొనుడి.

బడికి ఒకనాడు ముందు, మందిరము ఖాళీగా ఉన్నప్పుడు బిడ్డను తీసికొనివచ్చి తిప్పి చూపింపుడి. తాను కూర్చుండు చోటు చూడనిండు. మొదటి దినము అరగంట మాత్రమే కూర్చుండెనా, మంచిది. అరగంటకు స్తోత్రము చెల్లించి పంపుడి. మరునాడు కొంచెము హెచ్చవచ్చును.

వేసవిలో ఎండ ముదురకముందే, ఉదయము ఏడు గంటలకు ఆరంభించి తొమ్మిదిన్నరకు ముగించుట అందరికిని క్షేమము. పాట, కథ, చేతిపని, ఆట, ప్రార్థన అను వరుసను ప్రతిదినము మార్చక, దాని బొమ్మలను గోడమీద ఉంచుడి. చిన్న గదిలో మైకు అక్కరలేదు. డప్పును, తాళములను ఆ బిడ్డకు దూరముగా ఉంచుడి. చెట్టు నీడనో వరండా మూలనో ఒక చాప వేసి ప్రశాంతమైన చోటు ఏర్పరచుడి. అది శిక్షించు చోటు కాదు, సేదదీరు చోటు. ఏలీయా అలసి చావు కోరినప్పుడు దేవుడు ముందు అతనిని నిద్రపోనిచ్చి, రొట్టెయు నీళ్లును ఇచ్చెను గదా (1 రాజులు 19). గద్దింపుకంటె ముందు విశ్రాంతి వచ్చెను.

కథ చెప్పునప్పుడు మన పాత సండే స్కూళ్లలోని ఫ్లానెల్ బొమ్మలు ఈ బిడ్డలకు ఎంతో ఉపయోగము. తప్పిపోయిన గొఱ్ఱె కథకు గొఱ్ఱెబొచ్చు చేతికియ్యుడి. తుపాను అణగిన కథకు తొట్టిలో నీళ్లు పోసి కాగితపు పడవ విడువుడి. మాట రాని బిడ్డ కంఠత వాక్యము చెప్పలేకపోయినను కథ బొమ్మలను వరుసగా పెట్టగలడు. అదియు అప్పగింతయే, దానికిని బహుమానమియ్యుడి.

ప్రశ్న అడిగిన తరువాత పది లెక్కించునంతసేపు మౌనముగా ఆగుడి. అనేకులు తొందరపడి రెండవ ప్రశ్న వేసి మొదటి జవాబును పోగొట్టుదురు. కన్నులలోనికి చూడుమని బలవంతము చేయవద్దు, చూడకయే వినగలరు. అలంకారపు మాటలను ఈ పిల్లలు ఉన్నది ఉన్నట్లే గ్రహింతురు. యేసు నీ హృదయములోనికి వచ్చునని చెప్పినయెడల, ఒక మనుష్యుడు తన రొమ్ములోనికి దూరునని భయపడిన బిడ్డ ఉండవచ్చును. యేసు నిన్ను ప్రేమించుచున్నాడు, నీతో ఉన్నాడు అని తేట మాటలతో చెప్పుడి.

బిడ్డ నేలమీద పడి అరచినప్పుడు అది అల్లరి యని తలంపవద్దు. శబ్దము, వేడి, కలవరము భరింపలేనంతగా పెరిగి పొంగిపొరలినవి. చుట్టు మూగిన పిల్లలను పంపివేయుడి. పాట ఆపుడి. మాటలు తగ్గింపుడి. కొట్టవద్దు, గద్దింపవద్దు. దెబ్బ తగులకుండ చూచి, ప్రక్కను కూర్చుండి వేచియుండుడి. అది దానంతట తగ్గును.

6. మెలకువ కలిగియుండవలసిన సంగతులు

ఆటిజముగల పిల్లలలో అనేకులు చెప్పకయే వెళ్లిపోవుదురు. నీరు వారిని మిక్కిలి ఆకర్షించును. మన ఊళ్లలో చెరువు, కాలువ, గట్టులేని నేలబావి దగ్గరలోనే ఉండును. గనుక ఒక్కొక్క బిడ్డకు తోడుగా ఇద్దరిని నియమించి, వారు వంతులవారీగా చూచునట్లు ఏర్పరచుడి. వారు తలిదండ్రులు ఎరిగినవారై యుండవలెను. ఏ పెద్దవారును బిడ్డతో ఇతరుల కంటికి కనబడనిచోట ఒంటరిగా ఉండకూడదు. దొడ్డి గేటు మూసి యుంచుడి. బిడ్డ కనబడనియెడల మొట్టమొదట నీళ్లున్న చోటికే పరుగెత్తుడి.

దాహమని చెప్పలేని బిడ్డకు మధ్య మధ్య నీళ్లు మీరే అందింపుడి. మింగుట కష్టమైనవారిని నిటారుగా కూర్చుండబెట్టి, తల్లి చెప్పిన రీతినే తినిపింపుడి.

ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలలో మూర్ఛలు ఇతరులకంటె ఎక్కువగా కనబడును. మూర్ఛ వచ్చినప్పుడు చేతిలో తాళపుచెవులు, ఇనుపముక్కలు పెట్టుట వ్యర్థము. నోటిలో చెంచాగాని, నీళ్లుగాని, మందుగాని పెట్టకూడదు. గట్టిగా అదిమి పట్టకూడదు. తలక్రింద మెత్తని బట్ట ఉంచి, ప్రక్కకు ఒత్తిగిలజేసి, గడియారము చూడుడి. అయిదు నిమిషములు దాటినను, తెలివి రాకముందే మరల వచ్చినను, అదియే మొదటి మూర్ఛయైనను 108 వాహనమును పిలువుడి.

7. ఇతర పిల్లలకు ఏమి నేర్పవలెను?

బడి మొదటి దినమున తక్కిన పిల్లలతో నాలుగు మాటలు చెప్పుడి: ఇతనికి పెద్ద శబ్దము నొప్పి, గనుక మనము మెల్లగా పాడుదము, ఇతడు మాటలాడకపోయినను మన మాట వినుచున్నాడు, వెక్కిరింపకూడదు, ఆటకు పిలువవలెను. పిల్లలు పెద్దలకంటె త్వరగా గ్రహింతురు. శరీరములో బలహీనముగా కనబడు అవయవములే మరి అవసరమైనవని పౌలు కొరింథు సంఘమునకు వ్రాసెను. ఆ బిడ్డను వదలివేసిన బడిలో తక్కిన పిల్లలు ఓర్పు, మెల్లదనము అను పాఠములను ఏ పుస్తకమునుండి నేర్చుకొందురు?

8. ప్రభుత్వము వలన కలుగు సహాయము

సంఘ పెద్దలు ఈ కుటుంబములకు చట్టములోని హక్కులను తెలియజేయవలెను. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములను గుర్తించినది. అందులో ఆటిజము ఉన్నది. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద నిరామయ అను ఆరోగ్య భీమా పథకము కలదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ బడులలోను పిల్లలకు పరీక్షలు చేయుదురు. ప్రత్యేక అవసరములుగల పిల్లలకై మండలములలో భవిత కేంద్రములు ఉన్నవి. మండల విద్యావనరుల కేంద్రములో విచారింపవచ్చును. సికింద్రాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యముగల వారికి పరీక్షలు, శిక్షణ ఇచ్చుచున్నది. చదువురాని తలిదండ్రులతో కూడ ఒక యౌవనస్థుడు వెళ్లి కాగితములు నింపినయెడల అదియు పరిచర్యయే.

9. బడి ముగిసిన తరువాత

జూనులో బడులు తెరచిన తరువాత మన బాధ్యత తీరిపోదు. ఆదివారమున ఆరాధన జరుగుచుండగా, స్త్రీల సమాజములోని ఇద్దరు వంతులు వేసికొని ఆ బిడ్డతో వరండాలో కూర్చుందురా? అప్పుడు ఆ తల్లి ఎన్ని నెలలకో ఒకసారి నెమ్మదిగా వాక్యము విని, ప్రభువు బల్లలో పాలుపొందును. బిడ్డ ఆరాధన మధ్య కేక వేసినయెడల వెనుకకు తిరిగి చూడక కీర్తన పాడుటయు మనము చేయగల సహాయమే. మన పాటకు అడ్డమైనదని ఆ కేకను ఎంచవద్దు. ఆ బిడ్డ మనతో ఉన్నాడను దానికి అది గురుతు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో ఇట్టి బిడ్డలు ఎందరు? వారి పేర్లు మనకు తెలియునా?

2. ప్రభువు చెవిటివానిని ప్రక్కకు తీసికొనిపోయెను. మన మందిరములో అట్టి ప్రక్కచోటు ఏది?

3. ఈ వేసవిలో ఆ యింటికి ఎవరు వెళ్లుదురు? ఏ దినమున?

4. ఆ తలిదండ్రులను గాయపరచిన మాటలు మన సంఘములో వినబడినవా? వాటిని ఎట్లు మాన్పుదము?

ప్రార్థనాంశములు

తలుపులు మూసికొనియున్న గృహములకొరకును, రాత్రులు నిద్రలేని తల్లులకొరకును, తమ తరువాత ఈ బిడ్డకు ఎవరు దిక్కని చింతించు తండ్రులకొరకును ప్రార్థింతము. ఓర్పుగల ఉపాధ్యాయులను దయచేయుమని వేడుకొందము. ప్రార్థన ముగించి లేచిన పిమ్మట ఆ యింటి తలుపు తట్టుదము. ఈ సంవత్సరపు లెక్కలో ఒక్క బిడ్డ హెచ్చినను, ఆ లెక్కనుబట్టి మనము ప్రభువును స్తుతింపగలము.